పాలకు బదులు వచ్చిన గింజ

సోయాచిక్కుడు పుట్టినచోటు దాటాక ఎక్కడికి వెళ్లినా ఇంకొకదాని స్థానంలోకే వెళ్లింది. చంటిబిడ్డల సీసాలో పాల స్థానంలోకి, లేగదూడల బకెట్లో పాలపొడి స్థానంలోకి, సాల్మన్ చేపల మేతలో చేపపొడి స్థానంలోకి. మన ఇళ్లలో బిర్యానీలో మాంసం ముక్క ఉండాల్సిన చోటికి మీల్ మేకర్‌గా వచ్చింది. కారణాలు తెలిసినవే. చవక, నిల్వకు ఇబ్బంది లేదు, ఎండు గింజలో దాదాపు 40 శాతం ప్రోటీన్, 20 శాతం నూనె. కానీ ఈ కొత్త స్థానాల్లో కొన్నిచోట్ల పేగు దాన్ని ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోలేదన్న ప్రశ్న మీద పిల్లల వైద్యులు, పశువైద్యులు, రసాయన శాస్త్రవేత్తలు నూరేళ్లకు పైగా తలలు బద్దలు కొట్టుకున్నారు. వాళ్లు నడిచిన దారిని వెనక్కి తిరిగి చూస్తే ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. ఏ వయసు పేగుకు, ఎంత మోతాదులో, ఏ రూపంలో, దేన్ని ఆపి పెట్టామన్నదాన్ని బట్టి అదే ప్రోటీన్ ఒకచోట ఆహారమైంది, ఒకచోట రోగమైంది.

చైనాలో వేల ఏళ్ల కిందటే సాగులోకి వచ్చిన ఈ గింజను అక్కడివాళ్లు పచ్చిగా తినలేదు. నానబెట్టి, రుబ్బి, కాచి, విరగ్గొట్టి టోఫు చేశారు. ఉడికించి బూజు పట్టించి, ఉప్పునీళ్లలో నెలల తరబడి మగ్గబెట్టి సాస్ చేశారు. జపాన్‌లో మిసో, నత్తో వచ్చాయి. జావాలో టెంపే వచ్చింది. ఉడికించినప్పుడు ప్రోటీన్ల మడతలు కొన్ని విడిపోతాయి. పులియబెట్టినప్పుడు సూక్ష్మజీవులు వాటిని మన పేగు కంటే ముందే ముక్కలు చేస్తాయి. జీర్ణం కావాల్సిన పనిలో కొంత కుండలోనే జరిగిపోయేదన్నమాట. జర్మన్ వైద్యుడు ఎంగెల్‌బర్ట్ కెంఫర్ జపాన్‌లో చూసినదాన్ని 1712లో అచ్చువేసి ఈ మొక్కను ఐరోపాకు పరిచయం చేశాడు. 1765లో సామ్యూల్ బోవెన్ దాన్ని అమెరికాలోని జార్జియాలో నాటించాడు. ఆ తర్వాత చాలాకాలం అక్కడ అది పచ్చిరొట్ట, పశువుల మేత. గింజ ఓడ ఎక్కింది కానీ వండే పద్ధతులు ఎక్కలేదు.

గింజలోని ప్రోటీన్‌కు మొదట పేరు పెట్టినవాడు థామస్ ఆస్‌బోర్న్. కనెక్టికట్ వ్యవసాయ ప్రయోగ కేంద్రంలో కూర్చుని గింజల ప్రోటీన్లను ఒక్కొక్కటిగా విడదీయడంలోనే జీవితం గడిపిన మనిషి. 1898లో క్యాంప్‌బెల్‌తో కలిసి సోయాలో ముఖ్యమైన ప్రోటీన్‌ను వేరుచేసి గ్లైసినిన్ అన్నాడు. 1917లో లఫాయెట్ మెండెల్‌తో కలిసి ఎలుకల మీద చేసిన ప్రయోగంలో పచ్చి సోయా తిన్న ఎలుకలు ఎదగలేదని, ఉడికించి పెడితే ఎదిగాయని చూపించాడు. ఆసియా వంటింటికి ఎప్పుడో తెలిసిన విషయానికి ప్రయోగశాల ముద్ర పడింది. కారణాల్లో ఒకటి 1945లో దొరికింది. మోజెస్ కునిట్జ్ సోయా నుంచి ట్రిప్సిన్‌ను అడ్డుకునే ఒక ప్రోటీన్‌ను స్ఫటికాలుగా తీశాడు. మన క్లోమం వదిలే ట్రిప్సిన్‌కు ప్రోటీన్లను తుంచడమే పని. ఆ కత్తెరనే పట్టుకుని ఆపేసే పదార్థం గింజలో ఉందన్నమాట. ఇది అలర్జీ కాదు. కానీ తెగకుండా మిగిలిన ప్రోటీన్ పేగులో మరింత దూరం వెళ్తుంది కాబట్టి ముందు ముందు కథలో దీనికీ చోటుంది.

ఆస్‌బోర్న్ పనిలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది మాత్రం ఇంకోటి. 1911లో ఆయన షికాగోలోని గిడియన్ వెల్స్‌తో కలిసి శుద్ధిచేసిన మొక్కల ప్రోటీన్లను గినీ పందులకు ఎక్కించాడు. కొన్నాళ్లకు అదే ప్రోటీన్ మళ్లీ ఎక్కిస్తే జంతువు ఊపిరాడక కూలిపోయేది. మాంసం, గుడ్డు, పాల ప్రోటీన్లే కాదు, గింజల ప్రోటీన్లూ ఈ పని చేయగలవని తేలింది. అయితే మేతలో భాగంగా ఆ గింజను ముందునుంచీ తింటూ వచ్చిన జంతువుల్లో ఈ ప్రతిచర్యను పుట్టించడం కష్టమైంది. సూది ద్వారా వెళ్తే శత్రువు, నోటి ద్వారా వెళ్తే మిత్రుడు! పేగుకు సహించడం నేర్చుకునే గుణం ఉందన్న ఈ పరిశీలనను నోటి సహనం అంటారు. ఆహార అలర్జీ శాస్త్రం మొత్తం దాని మీదే నిలబడి ఉంది. సోయా విషయంలో తర్వాతి అరవై డెబ్బయ్యేళ్లూ ఎదురైన ప్రశ్న కూడా అదే: ఈ సహనం ఎవరికి కుదిరింది, ఎవరికి కుదరలేదు?

అలర్జీ అనే మాటను వియన్నా పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే 1906లో ప్రతిపాదించాడు. మూడేళ్లకే, 1909లో, బాల్టిమోర్ పిల్లల వైద్యుడు జాన్ రూరా విరేచనాలతో నీరసించిన, పాలు పడని శిశువులకు సోయాపిండి జావ పట్టించి ఫలితాలు ప్రకటించాడు. 1929లో బోస్టన్‌లో లూయిస్ వెబ్ హిల్, హెరాల్డ్ స్టువర్ట్ ఆవుపాలు సరిపడని పిల్లల కోసం సోయా ఆహారాన్ని వర్ణించారు. సోయా డబ్బాపాల శకం అక్కడ మొదలైంది. తల్లిపాలు చాలక, ఆవుపాలు పడక, బిడ్డ కళ్లముందే వాడిపోతున్న ఇళ్లకు అది నిజంగా ప్రాణాధారం. తర్వాతి తప్పటడుగులను లెక్కపెట్టేటప్పుడు ఈ మేలును మరిచిపోవడం న్యాయం కాదు.

హెచ్చరికా తొందరగానే వచ్చింది. 1934లో కన్సాస్ సిటీ వైద్యుడు డబ్ల్యూ. డబ్ల్యూ. డ్యూక్, సోయా మిల్లు దుమ్ముతో బాధపడుతున్న రోగులను వర్ణించి, ఈ గింజ ముందు ముందు ముఖ్యమైన అలర్జీ కారకం కావచ్చని రాశాడు. అప్పటికి అమెరికన్ల కంచంలో సోయా పెద్దగా లేదు. ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. పైగా గాలి ఎదురు దిశలో వీచింది. 1953లో రోచెస్టర్ వైద్యులు జెరోమ్ గ్లేజర్, డగ్లస్ జాన్‌స్టోన్, అలర్జీ ఉన్న కుటుంబాల్లో పుట్టిన పిల్లలకు మొదటినుంచీ ఆవుపాలు మాని సోయా పడితే తర్వాత అలర్జీలు తగ్గుతాయని ప్రకటించారు. 1955లో బ్రెట్ రాట్నర్ బృందం గినీ పందుల మీద సోయాను పరీక్షించి, దాని అలర్జీ శక్తి తక్కువని చెప్పింది. ఇంకేముంది, సోయా అంటే అలర్జీ తక్కువ ఆహారమన్న నమ్మకం వైద్యుల చీటీల్లోకి ఎక్కి కూర్చుంది. గినీ పంది పేగుకూ పది రోజుల పసికందు పేగుకూ ఉన్న దూరాన్ని అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకున్నట్టు లేదు.

1960ల నడుమ సీసాలోని సరుకు మారింది. పాత డబ్బాల్లో ఉన్నది సోయాపిండి. గోధుమరంగు, పచ్చివాసన, కడుపుబ్బరం, పల్చటి విరేచనాలు. నూనె తీసిన పిండి నుంచి క్షారంతో ప్రోటీన్‌ను కరిగించి, ఆమ్లంతో పేరబెట్టి, ఆరబెడితే వచ్చే శుద్ధ ప్రోటీన్‌తో పాలలాంటి తెల్లని ద్రవం తయారైంది. చక్కెరలు, పీచు పోయాయి, ఉబ్బరం తగ్గింది. మిగిలింది దాదాపుగా గ్లైసినిన్, బీటా కాంగ్లైసినిన్. గింజలోని ప్రోటీన్‌లో రమారమి మూడింట రెండు వంతులకు పైగా ఈ రెండే. మొలకెత్తే మొక్కకు దాచిపెట్టిన సద్దిమూట అది. సరుకు బాగుపడే కొద్దీ పసిపేగు ముందు చేరే ప్రోటీన్ చిక్కనైంది. పైగా సీసాకు సీసా, రోజుకు అయిదారుసార్లు, వేరే ఏ ఆహారమూ లేకుండా.

ఇక 1970లు. ఈ కథలో అసలు దశాబ్దం ఇదే.

అప్పటికి పేగు లోపలి గోడ నుంచి చిన్న ముక్క తీసి చూడటం సాధ్యమైంది. 1957లో విలియం క్రాస్బీ బృందం ఒక గొట్టం చివర మింగించే చిన్న గుళికను తయారుచేసింది. అది చిన్నపేగును చేరాక లోపలి పొరను కొద్దిగా కోసుకుని వచ్చేది. ఆరోగ్యమైన చిన్నపేగు లోపలి పొర నిండా చూషకాలు నిలబడి ఉంటాయి. తిన్నదాన్ని పీల్చుకునేది వాటి మీదనుంచే. గోధుమ పడని సీలియాక్ వ్యాధిలో అవి అరిగిపోయి గోడ నున్నగా చదునైపోతుందని అప్పటికే తెలుసు. 1972లో మార్విన్ అమెంట్, సియాటిల్‌లోని సైరస్ రూబిన్ కలిసి ఒక శిశువు విషయం ప్రచురించారు. సోయా ఇస్తే జ్వరం, వాంతులు, రక్తపు జీరల విరేచనాలు, ఒళ్లు నీలం తిరగడం. సోయా ఇవ్వక ముందు, ఇచ్చాక, ఆపేశాక వరసగా పేగు ముక్కలు తీసి చూశారు. ముందు మామూలుగా ఉన్న గోడ సోయాతో చదునైంది, సోయా ఆపేస్తే మళ్లీ చూషకాలు లేచాయి. చదునైన పేగు కనిపిస్తే గోధుమనే అనుమానించే రోజుల్లో, సోయా కూడా ఆ పని చేయగలదన్నది పెద్ద వార్త.

అదే దశాబ్దంలో జెరాల్డిన్ పవెల్ పని వచ్చింది. 1976లో బరువు తక్కువతో పుట్టిన శిశువుల గురించి, 1978లో తొమ్మిదిమంది శిశువుల గురించి ఆమె రాసింది. పుట్టిన కొద్దిరోజులకో వారాలకో వాంతులు, ఆగని విరేచనాలు. ఆవుపాల డబ్బా ఆపి సోయా డబ్బా మొదలుపెడితే కొన్నాళ్లు తెరిపి, మళ్లీ మొదటికే. డబ్బా మార్చిన వైద్యుడికి ఆ తెరిపి చాలు, తన చికిత్స పనిచేసిందనుకోవడానికి. పవెల్ అక్కడ ఆగకుండా పిల్లలు కోలుకున్నాక, ఆసుపత్రిలో, కొలిచిన మోతాదులో పాలో సోయానో మళ్లీ ఇచ్చి గంటల తరబడి కనిపెట్టింది. వాంతులు, విరేచనాలే కాదు, రక్తంలో న్యూట్రోఫిల్ కణాలు గబగబా పెరగడం, మలంలో రక్తం, తెల్లకణాలు కనిపించడం గుర్తించింది. ఆ గుర్తులే తర్వాతి దశాబ్దాల్లో వ్యాధి నిర్ధారణకు కొలబద్దలయ్యాయి. ఇవాళ ఎఫ్‌పీఐఈఎస్ అంటున్నది, అంటే ఆహార ప్రోటీన్ వల్ల వచ్చే తీవ్రమైన పేగువాపు, ఆ వార్డుల్లో రూపు దిద్దుకున్నదే. 1981లో ఫిన్లాండ్‌లో పెర్కియో, సావిలాహ్తి, కుయిటునెన్ సోయా పడని పిల్లల పేగు ముక్కలను కొలతలు వేసి చూశారు. కుదించుకుపోయిన చూషకాలు, గోడలో గుమిగూడిన రోగనిరోధక కణాలు అక్కడా కనిపించాయి.

పిల్లల వైద్యులు ఈ పనిలో ఉండగానే, వాళ్లతో పెద్దగా సంబంధం లేకుండా, ఇంగ్లండ్‌లో రెడింగ్ దగ్గర షిన్‌ఫీల్డ్‌లో ఉన్న జాతీయ పాడి పరిశోధన సంస్థలో దూడల కథ నడిచింది. ఆవుపాలు మనుషులకు అమ్ముకోవాలి, దూడకు చవకైన బదులు కావాలి. సోయాపిండి కలిపిన పాలు పోశారు. 1975లో స్మిత్, సిసన్స్ గమనించినది విచిత్రంగా ఉంది. మొదటి మేతకు దూడకు ఏమీ కాలేదు. కొన్ని మేతల తర్వాత పొట్టలోంచి ఆహారం కదిలే తీరు దారి తప్పింది, పేగులోంచి గబగబా జారిపోయింది, పారుడు పట్టుకుంది. విషమైతే మొదటిసారే పనిచేయాలి. రెండోసారికో మూడోసారికో మొదలయ్యేది శరీరం గుర్తుపెట్టుకోవడం వల్లే. 1979లో కిల్‌షా, సిసన్స్ దీన్ని పేగు అలర్జీ అని తేల్చి, ముద్దాయిలుగా గ్లైసినిన్, బీటా కాంగ్లైసినిన్‌లనే చూపించారు. వేడి ఆల్కహాల్, నీటి మిశ్రమంతో పిండిని కడిగితే వాటి అలర్జీ గుణం పోయి, దూడలు ఆ మేతను తట్టుకున్నాయి. మామూలుగా కాల్చిన పిండి పనికిరానిచోట ఈ కడుగుడు పనికొచ్చింది.

పందిపిల్లల దగ్గరికి వచ్చేసరికి చిత్రం ఇంకొంచెం విప్పుకుంది. కన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో 1990 ప్రాంతంలో మూడు వారాలకే తల్లిపాలు మాన్పించిన పందిపిల్లలకు సోయా చెక్క పెట్టి చూశారు. చూషకాల ఎత్తు తగ్గింది, రక్తంలో సోయా మీద ప్రతిరక్షకాలు పెరిగాయి, ఎదుగుదల మందగించింది. కానీ కొద్ది వారాల్లో సర్దుకుంది. ఈ ప్రతిచర్య తాత్కాలికం. అంటే పందిపిల్ల పేగు సోయాను సహించడం నేర్చుకుంటోంది, నేర్చుకునే లోపల దెబ్బ తింటోంది. వెల్స్, ఆస్‌బోర్న్ గినీ పందుల్లో చూసిన సహనం ఇక్కడ పుట్టుకొస్తూ కనిపించింది. నా దృష్టిలో సోయా అలర్జీ గురించి పశువుల కొట్టాలు చెప్పినంత సూటిగా ఏ ఆసుపత్రీ చెప్పలేదు. దూడ, పందిపిల్ల, డబ్బాపాల శిశువు, ముగ్గురిదీ ఒకే పరిస్థితి: తల్లిపాలు ఆగిపోయిన రోజున, తయారుగా లేని పేగు ముందు, ఒకే పరాయి ప్రోటీన్ పెద్దమొత్తంలో.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. సోయా తిన్న పేగు వాచిన ప్రతిచోటా అలర్జీయే ఉందనుకోకూడదు. 1991లో ఫాన్ డెన్ ఇంగ్ బృందం సోయా చెక్క తిన్న అట్లాంటిక్ సాల్మన్‌లలో పేగు చివరిభాగం వాపును వర్ణించింది. నార్వే చేపల పెంపకంలో అది పెద్ద తలనొప్పి. అక్కడ అనుమానం ప్రోటీన్ల కంటే సోయాలోని సాపోనిన్లు అనే వేరే పదార్థాల మీదికి ఎక్కువగా పోయింది.

మరి పేగులో జరిగేదేమిటి? దీనికి రెండు వేర్వేరు దారులున్నాయని తేలడానికి రోగనిరోధక శాస్త్రం ఎదగాల్సి వచ్చింది. 1966, 67ల్లో అమెరికాలోని డెన్వర్‌లో ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో జొహాన్సన్, బెన్నిచ్ వేరువేరుగా ఐజీఈ అనే ప్రతిరక్షకాన్ని పట్టుకున్నారు. మొదటి దారి దానిది. ఒకసారి సోయాను శత్రువుగా రాసుకున్న శరీరం దాని మీద ఐజీఈ తయారుచేస్తుంది. అది పేగు గోడలోనూ చర్మంలోనూ ఊపిరితిత్తుల్లోనూ ఉన్న మాస్ట్ కణాలకు అంటుకుని కాచుకుని ఉంటుంది. మళ్లీ సోయా వచ్చి రెండు ఐజీఈ అణువులను ఒకేసారి తాకితే చాలు, మాస్ట్ కణం హిస్టమిన్ వగైరాలను బయటికి గుమ్మరిస్తుంది. పేగు కండరం మెలితిరుగుతుంది, గోడలోంచి నీరు ఊరుతుంది, నిమిషాల్లో కడుపునొప్పి, వాంతి, పారుడు. ఒంటి మీద దద్దుర్లు, ఆయాసం కూడా రావచ్చు.

ఇలా జరగాలంటే ప్రోటీన్ జీర్ణం నుంచి తప్పించుకుని మాస్ట్ కణం దాకా రావాలి. గ్లైసినిన్ ఆరు భాగాల ముద్ద, బీటా కాంగ్లైసినిన్ మూడు భాగాల ముద్ద, దానికి చక్కెర గొలుసులు కూడా అంటుకుని ఉంటాయి. పొట్టలోని పెప్సిన్ వీటిని కోస్తుంది కానీ చివరిదాకా కోయదు. ఐజీఈ గుర్తుపట్టగలిగేంత పెద్ద తునకలు చిన్నపేగుదాకా మిగులుతాయి. ముద్ద మడత పోయినా వరుసలో ఉన్న అమైనో ఆమ్లాలనే పట్టుకునే ఐజీఈ కొందరిలో ఉంటుంది. ఉడికించినా వాళ్లకు పడనిది అందుకే. పసిపిల్లల పొట్టలో ఆమ్లం తక్కువ, పెప్సిన్ తక్కువ, పేగు గోడ కణాల మధ్య కీళ్లు వదులు. పెద్దవాళ్లలో ఆగిపోయే తునకలు వాళ్లలో లోపలికి జారతాయి.

రెండో దారిలో ఐజీఈ పాత్ర లేదు. పవెల్ చూసిన పిల్లలది ఈ దారే. సోయా తాగిన ఒకటి నుంచి నాలుగు గంటలకు ఎడతెగని వాంతులు, పాలిపోయి వాలిపోవడం, ఆ తర్వాత విరేచనాలు. చర్మం మీద దద్దురు ఒక్కటీ ఉండదు. తల్లిదండ్రులూ వైద్యులూ దీన్ని ఇన్‌ఫెక్షన్ అనుకునేది అందుకే. చర్మపరీక్ష చేసినా, రక్తంలో ఐజీఈ చూసినా సాధారణంగా ఏమీ దొరకదు. పేగు గోడలోని కణాలే నేరుగా రెచ్చిపోయి, వాపు పుట్టించే రసాయనాలు వదిలి, గోడ కీళ్లను ఇంకా వదులు చేస్తాయి. రెండు దారుల్నీ కలిపి సోయా అలర్జీ అనే ఒకే పేరుతో పిలవడం వల్ల చాలాకాలం లెక్కలు కలగాపులగమయ్యాయి.

1990ల నుంచి అలర్జీ కారక ప్రోటీన్లకు వరస సంఖ్యలు పడ్డాయి. బీటా కాంగ్లైసినిన్ గ్లై ఎమ్ 5 అయింది, గ్లైసినిన్ గ్లై ఎమ్ 6. 2009లో హోల్ట్‌హౌజర్ బృందం ఐరోపా రోగుల రక్తాలు చూసి, ఈ రెండింటి మీద ఐజీఈ ఉన్నవాళ్లకు తీవ్రమైన ప్రతిచర్యలు వచ్చే అవకాశం ఎక్కువని చెప్పింది. గ్లై ఎమ్ 4 తీరు వేరు. అది ఐరోపాలో విరివిగా ఉండే బర్చ్ చెట్టు పుప్పొడి ప్రోటీన్‌ను పోలి ఉంటుంది. పుప్పొడి పడనివాళ్లకు సోయాపాలో సోయా పొడి పానీయమో తాగగానే నోరు దురద, గొంతు వాపు, కొందరికి ప్రాణాపాయం. వేడికి అది చాలావరకు చెడిపోతుంది కాబట్టి, బాగా ఉడికినవీ పులిసినవీ వాళ్లు తరచూ తినగలరు. బార్సిలోనాలో 1981, 87 మధ్య 26 రోజుల్లో విరుచుకుపడ్డ ఉబ్బసం ఓడరేవులో సోయా దించేటప్పుడు లేచిన దుమ్ము వల్లేనని 1989లో ఆంతో బృందం తేల్చింది. ఆ దుమ్ములోని గ్లై ఎమ్ 1 గింజ పొట్టుకు సంబంధించినది. దాని దారి ఊపిరితిత్తులది, పేగుది కాదు. సాలెగూడులా అల్లుకున్న ఈ ప్రోటీన్ల జాబితా ఇక్కడితో ఆపుతాను.

సోయా వల్ల ప్రాణం పోవడం అరుదన్న ధీమాను స్వీడన్ కదిలించింది. 1999లో ఫూకార్డ్, మాల్మ్‌హెడెన్ ఇమాన్ దేశంలోని తీవ్రమైన ఆహార ప్రతిచర్యలను పరిశీలించి, నలుగురు చిన్నవయసువాళ్ల మరణాలకు సోయా కారణమని చెప్పారు. వాళ్లకు వేరుశనగ అలర్జీ తీవ్రంగా ఉంది, సోయా సంగతి మాత్రం తెలియదు. తిన్నాక తేలికపాటి లక్షణాలు, ఆ తర్వాత అరగంట నుంచి గంటన్నర దాకా అంతా సద్దుమణిగినట్టు ఉండి, ఒక్కసారిగా ఉబ్బసం. మాంసం ముద్దల్లో కలిపిన సోయా అది. ఇక్కడా బదులు సరుకే.

జపాన్‌లో నత్తో తిన్నవాళ్లలో అయిదు గంటల నుంచి పద్నాలుగు గంటలు ఆలస్యంగా వచ్చే తీవ్ర ప్రతిచర్యను ఇనోమాటా నవోకో బృందం వర్ణించింది. కారణం సోయా ప్రోటీన్ కానే కాదు, పులియబెట్టే బాక్టీరియా తయారుచేసే జిగురు, పాలీ గామా గ్లుటామిక్ ఆమ్లం. పేగులో అది మెల్లగా తెగుతుంది, అందుకే ఆలస్యం. రోగుల్లో చాలామంది సముద్రపు అలల మీద సర్ఫింగ్ చేసేవాళ్లు. జెల్లీఫిష్ కుట్టినప్పుడు ఇలాంటి పదార్థమే ఒంట్లోకి వెళ్లి అలర్జీకి బీజం వేస్తోందని పరిశోధకుల అనుమానం. తిండికి పుట్టిన అలర్జీకి మూలం సముద్రంలో దొరకడం!

ఈలోగా డబ్బాపాల తీర్పు వచ్చింది. 1979లో షెల్మన్, జొహాన్సన్ స్వీడన్‌లో, తల్లిదండ్రులిద్దరికీ అలర్జీ ఉన్న శిశువులకు సోయా, ఆవుపాలు పోల్చి చూశారు. సోయా పట్టడం వల్ల తర్వాతి అలర్జీలు తగ్గలేదు. గ్లేజర్ ఆశ అక్కడ సన్నగిల్లింది. 1999లో రాబర్ట్ జైగర్ బృందం, ఐజీఈ వల్ల ఆవుపాలు పడని పిల్లల్లో 14 శాతానికి సోయా కూడా పడదని చెప్పింది. 2002లో ఫిన్లాండ్‌లో టీనా క్లెమోలా బృందం 170 మంది శిశువులను రెండు జట్లు చేసి చూస్తే, సోయా డబ్బా తాగినవాళ్లలో 10 శాతానికి, పాలప్రోటీన్‌ను బాగా ముక్కలు చేసిన డబ్బా తాగినవాళ్లలో 2.2 శాతానికి ప్రతిచర్యలొచ్చాయి. ఐజీఈ లేని పేగువాపు రకంలో పాలతో పాటు సోయా కూడా పడనివాళ్ల వాటా అంతకంటే చాలా ఎక్కువ. 2006లో ఐరోపా పిల్లల జీర్ణకోశ వైద్యుల సంఘం, ఆహార అలర్జీ ఉన్న శిశువులకు మొదటి ఆరు నెలల్లో సోయా డబ్బా వాడొద్దంది. 2008లో అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ కూడా సోయా డబ్బా నిజంగా అవసరమయ్యే సందర్భాలు కొన్నేనని రాసింది. అప్పటికి అక్కడి డబ్బాపాల అమ్మకాల్లో దాని వాటా నాలుగో వంతుకు దగ్గర. శాస్త్రం ఒకటి చెప్పడానికీ అంగడి అల్మారా అది వినడానికీ మధ్య ఎడం అంత!

గింజనే మార్చేద్దామన్న ప్రయత్నాలూ జరిగాయి. సోయాలో లోపించిన మెథియోనిన్ పెంచడానికి బ్రెజిల్ నట్ ప్రోటీన్ జన్యువును అందులో చేర్చారు. ఆ నట్ పడనివాళ్ల ఐజీఈ ఆ కొత్త సోయానూ పట్టుకుంటోందని 1996లో నార్డ్‌లీ బృందం చూపించాక దాన్ని బజారుకు తేలేదు. 2003లో ఎలియట్ హెర్మన్ బృందం దీనికి తలకిందులు పని చేసింది. జపాన్ రోగులను ఎక్కువగా బాధిస్తుందని ఒగావా బృందం గుర్తించిన పీ34 అనే ప్రోటీన్‌ను గింజలో రాకుండా అణచివేసింది. ఒకటి పోతే మిగతావి ఉండనే ఉన్నాయి. నిల్వ ప్రోటీన్లు రెండూ తీసేస్తే సోయాను సోయా అనడానికి ఏం మిగులుతుంది?

మనదేశానికి సోయా ఆశతో వచ్చింది. 1935లో గాంధీ వార్ధాలో దీన్ని వండించి చూసి హరిజన్‌లో రాశాడు. 1960ల్లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంతో కలిసి పంత్‌నగర్, జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయాలు సాగును నిలబెట్టాయి. మధ్యప్రదేశ్ దానికి గడ్డ అయింది, తెలంగాణలో ఆదిలాబాద్, నిజామాబాద్ వైపు నల్లరేగడి నేలల్లోకి వచ్చింది. పండినదాంట్లో నూనె మన బాణలిలోకి, చెక్కలో ఎక్కువభాగం కోళ్ల దాణాలోకి, ఎగుమతికి పోతుంది. శుద్ధిచేసిన నూనెలో ప్రోటీన్ నామమాత్రం. సోయా పడనివాళ్లకు కూడా దానివల్ల ఇబ్బంది రాదని 1985లోనే రాబర్ట్ బుష్ బృందం పరీక్షించి చెప్పింది. కంగారు పడాల్సింది కనిపించే మీల్ మేకర్ గురించి కూడా కాదు, బిస్కెట్లలో, ప్రోటీన్ పొడుల్లో, నిల్వ మాంసాల్లో కలిసిపోయిన సోయా గురించి. 1999లో అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ జాబితాలో, 2006 నుంచి అమలైన అమెరికా చట్టంలో, 2020 నాటి మన ఆహార భద్రతా సంస్థ లేబుల్ నిబంధనల్లో సోయా పేరు చెప్పి తీరాల్సిన అలర్జీ పదార్థాల్లో ఉంది.

పప్పు లేనిదే ముద్ద దిగని మనకు ఇంకో అనుమానం సహజం. సోయా పడకపోతే కందిపప్పు, శనగపప్పు కూడా మానాలా? 1989లో బెర్న్‌హైసెల్ బ్రాడ్‌బెంట్, హ్యూ సాంప్సన్ 69 మంది పిల్లలను పరీక్షిస్తే చర్మపరీక్షలో చాలామందికి రెండు మూడు కాయజాతి గింజల మీద ప్రతిచర్య కనిపించింది. తినిపించి చూస్తే ఒకటికి మించి పడనివాళ్లు ఇద్దరే. చర్మపరీక్ష కాగితం చూసి వంటింట్లో పప్పు డబ్బాలన్నీ బయట పారేయడం తొందరపాటే.

పిల్లల్లో ఐజీఈ రకం సోయా అలర్జీ చాలావరకు పోయేదే. 2010లో జాన్స్ హాప్కిన్స్ బృందం 133 మందిని గమనిస్తే నాలుగేళ్లకు 25 శాతం, ఆరేళ్లకు 45, పదేళ్లకు 69 శాతం పిల్లలు దాన్ని దాటేశారు. ఈలోగా కథ అన్నవాహిక వైపు కూడా తిరిగింది. 2006లో షికాగోలో కాగల్‌వాలా బృందం, ఇసినోఫిల్ కణాలు చేరి అన్నవాహిక వాచే వ్యాధి ఉన్న పిల్లలకు పాలు, గుడ్డు, గోధుమ, సోయా, గింజలు, చేపలు అన్నీ మాన్పించి మేలు చూసింది. 2023లో క్లీవర్ బృందం పెద్దవాళ్లలో ఒక్క పాలు మాన్పించినా దాదాపు అదే ఫలితం వస్తుందని చూపించింది. ఆరింటిలో సోయా వాటా చిన్నదే.

ఎఫ్‌పీఐఈఎస్ మీద మొదటి అంతర్జాతీయ మార్గదర్శకాలు 2017లో వచ్చాయి. అమెరికాలో ఈ జబ్బుకు పాలు, సోయా ముఖ్య కారణాలు, ఆస్ట్రేలియాలో బియ్యం. ఇజ్రాయెల్‌లో 2011లో 13 వేలమంది శిశువులను వరసగా చూసిన కాట్జ్ బృందానికి పాల రకం 0.34 శాతంలో దొరికింది కానీ, ఆ పిల్లల్లో సోయా పడనివాళ్లు ఒక్కరూ కనిపించలేదు. ఏ దేశం ఏ వయసులో బిడ్డకు ఏం పడుతుందో, ఆ దేశపు పేగులు దానిమీద తిరగబడుతున్నట్టుంది. నిర్ధారణకు ఇప్పటికీ నమ్మదగిన రక్తపరీక్ష లేదు. ఆసుపత్రిలో, సెలైన్ ఎక్కించే ఏర్పాటుతో, కిలో బరువుకు సుమారు 0.3 గ్రాముల ప్రోటీన్ లెక్కన అరగంటలో మూడు విడతలుగా తాగించి, నాలుగు నుంచి ఆరు గంటలు బిడ్డను కనిపెట్టుకుని ఉండాలి. వాంతులు మొదలైతే నరానికి సెలైన్, ఒండాన్‌సెట్రాన్ సూది. అంటే పవెల్ చేసిన పరీక్షే, మోతాదు తగ్గించి. చాలామంది పిల్లలు మూడు నుంచి అయిదేళ్ల వయసుకల్లా ఈ పరీక్షను వాంతి లేకుండా దాటతారు. దాటనివాళ్లను ఏడాదికో ఏడాదిన్నరకో మళ్లీ రమ్మంటారు.